ప్రాథమిక పాఠశాలల ఫుట్‌బాల్ పోటీలు – మన బాధ్యత

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మమ్మల్ని తెలుగులో మాట్లాడవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. ఇరవై ఏళ్లుగా ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకుంటున్న వాళ్లం. మన సభ్యుల్లో చాలా కుటుంబాలు నల్లగొండ నుండి, మహబూబ్‌నగర్ నుండి, మెదక్ నుండి నగరానికి వచ్చి స్థిరపడినవి. వారి పిల్లలు తెలుగు బడుల్లో చదువుతున్నారు. వారికి కూడా అందాలంటే తెలుగే సరి అని మేమూ ఒప్పుకున్నాం. తప్పులు దొర్లితే మన్నించండి. మేము చెప్పబోయేది బంతి గురించి గనుక భాష అంతగా అడ్డం రాదని మా ధైర్యం.

ప్రతి సంవత్సరం ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల గురించి, ఆసుపత్రి సాయం గురించి, పేదింటి ఆడపిల్లల పెళ్లిళ్ల గురించి పెద్దలు మాట్లాడతారు. అవన్నీ జరగవలసిన పనులే. ఈ రోజు మేము నాలుగు, ఐదు తరగతుల పిల్లల ఫుట్‌బాల్ పోటీల గురించి విన్నవించుకోవాలని వచ్చాం. చదువు చెప్పవలసిన పంతులు ఆటల గురించి మాట్లాడతాడేమిటని కొందరు పెద్దలు నవ్వుకుంటున్నారు. మాకు కనిపిస్తూనే ఉంది. కొంచెం ఓపిక పట్టండి.

మన నగరంలోనే ఒక బడిపంతులు ఉండేవారు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు. 1909లో పుట్టారు. ఉస్మానియాలో బి.ఏ. చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లోనూ, చాదర్‌ఘాట్ హైస్కూల్లోనూ, మరి రెండు మూడు బడుల్లోనూ పాఠాలు చెప్పారు. నగరమంతా ఆయనను రహీం సాబ్ అని పిలిచేది. ఆయన తయారు చేసిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లోనూ స్వర్ణ పతకం తెచ్చింది. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా నాటికే ఆయనకు జబ్బు చేసింది. 1963 జూన్‌లో కాన్సరుతో కన్నుమూశారు. 1962 తర్వాత ఆసియా క్రీడల్లో మన దేశానికి ఫుట్‌బాల్‌లో స్వర్ణం రాలేదు. 2024లో ‘మైదాన్’ అనే హిందీ సినిమా వచ్చాక మన పిల్లలకు కూడా ఆయన పేరు తెలిసింది.

సినిమా కప్పులను చూపిస్తుంది. మేము మీకు చెప్పదలచుకున్నది ఆయన చిన్న పిల్లలకు పెట్టిన పోటీల సంగతి. ఆయన రకరకాల పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ల దగ్గరే అట్టే పెట్టుకుని పరుగెత్తకూడదు. వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొక పోటీలో చేతకాని కాలుతోనే ఆడాలి. కుడికాలి వాటం వాడు ఎడమ కాలుతో తన్నాలి. మరొక పోటీలో వయసు కాగితాలతో పని లేదు. ఇంత ఎత్తుకు మించని పిల్లలే ఆడాలని నియమం. చూడండి, ఇది బడిపంతులు బుర్రలోనే పుట్టగల ఆలోచన. గణితం రాని పిల్లవాడికి గణితమే ఎక్కువ చెప్పినట్టుగా, చేతకాని కాలుకే ఎక్కువ పని చెప్పారు. ఒక్కడే బంతిని దాచుకోకుండా పదిమందికీ బంతి అందే మార్గం ఆలోచించారు. పొట్టివాడికి పొట్టివాళ్లతో ఆడే అవకాశం కల్పించారు.

ఇంకొక సంగతి. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబపు కుర్రవాడు ఉండేవాడు. పేరు తులసీదాస్ బలరాం. రోజూ నగరానికి వచ్చి సాధన చేసేందుకు దారి ఖర్చు లేదు. సైకిలు అద్దెకు రహీం సాబ్ డబ్బిచ్చారు. ఆ కుర్రవాడు 1956 ఒలింపిక్సుకు వెళ్లాడు, 1962 జకార్తా జట్టులో ఆడాడు, 2023లో మరణించేనాటికి దేశమంతా గౌరవించిన క్రీడాకారుడు. ఆ కుర్రవాడికీ మైదానానికీ మధ్య అడ్డుగా ఉన్నది ఒక సైకిలు అద్దె మాత్రమే.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. మన దేశంలో బడి పిల్లలకు ఫుట్‌బాల్ పోటీలు లేకపోలేదు. సుబ్రతో కప్పు 1960 నుండి జరుగుతున్నది. స్కూల్ గేమ్స్ పోటీలున్నాయి. అయితే వీటిల్లో ప్రధానంగా హైస్కూలు వయసు పిల్లలే ఆడతారు. ఐదో తరగతి లోపు వాడు అందులో ఎక్కడా లేడు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో ఆరు నుండి పన్నెండేళ్ల పిల్లల కోసం బేబీ లీగులు మొదలుపెట్టింది, సంతోషం. అవి మన గల్లీ దాకా రావాలంటే గల్లీలో ఎవరో ఒకరు పూనుకోవాలి.

బడి సంగతి చూడండి. 2009 విద్యా హక్కు చట్టం ప్రతి బడికీ ఆటస్థలం, ఆటవస్తువులు ఉండాలంటుంది. అదే చట్టం వ్యాయామ బోధకుణ్ణి మాత్రం ఆరు నుండి ఎనిమిది తరగతులకే చెప్పింది, అదీ నూరు మందికి పైగా పిల్లలుంటే, అదీ పార్ట్‌టైం. ప్రాథమిక బడిలో లెక్కలు చెప్పేదీ మేమే, ఈల ఊదేదీ మేమే. సమగ్ర శిక్షా పథకం కింద ప్రాథమిక బడికి ఆటవస్తువుల కోసం సంవత్సరానికి 5,000 రూపాయల వరకు ఇవ్వవచ్చునని 2018లో నిర్ణయించారు. ఆ డబ్బుతో బంతి కొనవచ్చు. మైదానం కొనలేం కదా. మా బడి ఆవరణలో నీళ్ల ట్యాంకు, చింతచెట్టు, వంటగది పోగా మిగిలిన చోట ముప్పై మంది పిల్లలు ప్రార్థనకు నిలబడితే మోచేతులు తగులుతాయి.

అందుకని మా చుట్టుపక్కల ఎనిమిది ప్రాథమిక బడుల ఉపాధ్యాయులం కలిసి పోటీలు మొదలుపెట్టాం. అయిదు ఉర్దూ మాధ్యమం, మూడు తెలుగు మాధ్యమం. 2023 డిసెంబరులో చేశాం. రంగుల ఫ్లెక్సీలు కట్టాం. పెద్ద కప్పు కొన్నాం. అతిథులకు శాలువాలు కప్పాం. పత్రికలో ఫొటో వచ్చింది. ఫైనల్లో మా బడి గెలిచింది.

ఇక్కడ మేము ఒక మాట ఒప్పుకోవాలి. దీన్ని చెప్పడానికే ఈ రోజు ఇక్కడ నిలబడ్డాం.

మా జట్టులో గోళ్ళన్నీ కొట్టిన ఇద్దరు కుర్రవాళ్లు మా బడి వాళ్లు కారు. ఏడో తరగతి పిల్లలు, మా దగ్గర చదువుకుని హైస్కూలుకు వెళ్లినవాళ్లు. మా ఐదో తరగతిలో ఇద్దరు బక్క పిల్లల పేర్లు జాబితాలో రాసి, ఆ పేర్లతో ఈ పెద్ద పిల్లల్ని ఆడించాం. అందరూ అదే చేస్తున్నారని మాకు మేమే చెప్పుకున్నాం. మేము అన్నది మర్యాద కోసం అంటున్న మాట కాదు. ఆ పేర్లు రాసిన చెయ్యి ఈ చెయ్యే.

పోటీ అయిపోయింది. సర్టిఫికెట్లు వచ్చాయి. సర్టిఫికెట్ల మీద జాబితాలోని పేర్లే ఉంటాయి కదా. ఆ ఇద్దరు పిల్లలకూ ప్రార్థన సమయంలో చప్పట్లతో ఇచ్చాం. ఒకడు నవ్వుకుంటూ తీసుకున్నాడు. రెండోవాడు తలవంచుకుని తీసుకున్నాడు. వారం తర్వాత వాడి దాదీ బడికి వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి. కొడుకు బతుకుతెరువు కోసం దూరదేశం వెళ్లాడు. పిల్లవాణ్ణి ఆవిడే పెంచుతున్నది. చేతిలో ఒక డబ్బా, అందులో మిఠాయి. సర్టిఫికెట్‌కు అద్దం కట్టించి గోడకు పెట్టిందట. బస్తీలో ఇరవై ఇళ్లకు చెప్పుకుందట. “మాస్టర్ సాబ్, మా ఇంట్లో ఇంతవరకు ఎవరి పేరూ అచ్చులో రాలేదు. మీరు వీణ్ణి మనిషిని చేశారు” అని మా చేతులు పట్టుకుంది. ఆ మిఠాయి తిన్నాం. తినకపోతే ఎందుకని అడుగుతుందని తిన్నాం.

ఆ మర్నాడు ఆ పిల్లవాడు మా టేబుల్ దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. చొక్కాలోపల దాచుకుని అద్దం లేకుండా ఆ కాగితం తెచ్చాడు. “సార్, ఇది వాపస్ తీసుకోండి. దాదీ అందరికీ చూపిస్తున్నది. ఎన్ని గోల్స్ కొట్టావురా అని అందరూ అడుగుతున్నారు” అన్నాడు. కొంచెం ఆగి, “నన్ను ఒక్కసారి కూడా దించలేదు కదా సార్” అన్నాడు.

సోదరులారా, ఇన్నేళ్లలో ఏ ఇన్‌స్పెక్షను అధికారీ మమ్మల్ని అడగనంత పెద్ద ప్రశ్న అది. నిజాయితీ మీద పాఠం చెప్పి, అమానత్ అంటే ఏమిటో నల్లబల్ల మీద రాసి, అదే పిల్లవాడి పేరును వాడి అనుమతి లేకుండా వేరొకరికి తొడిగించాం. తల్లిదండ్రులు మాకు అప్పగించింది వాడి పేరునే కదా. అడ్మిషన్ రిజిస్టరులో రాసుకున్న ఆ పేరు మా దగ్గర అమానతే.

మేము కప్పు తీసుకుని ఫైనల్లో ఓడిన బడికి వెళ్లాం. అక్కడి హెడ్‌మాస్టరు గారికి ఉన్నదున్నట్టు చెప్పి, ఇది మీది అన్నాం. ఆయన కాసేపు మౌనంగా ఉండి నవ్వేశారు. “మాది కూడా కాదు సార్. మా వాళ్లలోనూ ఇద్దరు ఆరో తరగతి వాళ్లే” అన్నారు. తిలాపాపం తలాపిడికెడు అన్నట్టయింది. ఇంకో రెండు బడుల్లో విచారిస్తే అక్కడా అంతే. ఎనిమిది బడుల పెద్దలం పోటీ పెట్టుకున్నాం. పిల్లల్ని మాత్రం పక్కన కూర్చోబెట్టాం.

ఆ తర్వాత ఎనిమిది మందిమి కూర్చుని మళ్లీ మొదటి నుండి ఆలోచించాం. 2024 డిసెంబరులో రెండు ఆదివారాలు కొత్త పద్ధతిలో పోటీలు జరిపాం. ఆ పద్ధతి మీకు వివరంగా చెప్పాలి. ఎందుకంటే, మనసు మంచిదైతే చాలదు. లెక్క కూడా సరిగ్గా ఉండాలని అప్పుడే మాకు అర్థమైంది.

మొదటి లెక్క. పాత పద్ధతిలో ఓడిన జట్టు ఇంటికి పోవాలి. ఎనిమిది బడులుంటే మొత్తం ఏడు ఆటలు. మొదటి గంటలోనే నాలుగు బడులు ఓడి వెళ్లిపోతాయి. బడికి పదిమంది చొప్పున ఎనభై మంది పిల్లలు వస్తే, నలభై మంది ఒక్క ఆటతో సరిపెట్టుకుని ఆటో ఎక్కుతారు. ఆ ఆటలో కూడా బక్క పిల్లలు దిగరు. కొత్త పద్ధతిలో నాలుగేసి బడులను రెండు వర్గాలు చేశాం. వర్గంలో ప్రతి బడీ మిగతా మూడింటితో ఆడాలి. వర్గానికి ఆరు చొప్పున పన్నెండు ఆటలు. పెద్ద మైదానాన్ని అడ్డంగా రెండు చిన్న మైదానాలు చేశాం; రెండు ఆటలు ఒకేసారి నడుస్తాయి. సగానికి పది నిమిషాల చొప్పున ఇరవై నిమిషాల ఆట, మార్పులకు పది నిమిషాలు. ఆరు వంతులకు మూడు గంటలు. పొద్దున ఎనిమిదికి మొదలుపెడితే పదకొండుకు అయిపోయింది. జొహర్ నమాజుకు గాని, భోజనానికి గాని ఎవరికీ ఆటంకం కలగలేదు. రెండో ఆదివారం మొదటివాళ్లు మొదటివాళ్లతో, రెండోవాళ్లు రెండోవాళ్లతో, అలా చివరివాళ్లు చివరివాళ్లతో ఆడారు. మొత్తం పదహారు ఆటలు. ఆఖరున ఉన్న బడికి కూడా నాలుగు ఆటలు దక్కాయి. చివరివాళ్లిద్దరి ఆటే అన్నింటికంటే హోరాహోరీగా సాగింది. అంతవరకు ఒక్కటీ గెలవని బడి అక్కడ గెలిచి, పిల్లలు మైదానమంతా పరుగులు తీశారు.

రెండో లెక్క. జట్టుకు ఏడుగురు, జాబితాలో పదిమంది. రెండు సగాలకు కలిపి పద్నాలుగు చోట్లు. పదిమందికీ ఒక్కొక్క చోటు తప్పనిసరి, మిగిలిన నాలుగు చోట్లు మాస్టరు ఇష్టం. జాబితాలో ఉన్న ఏ పిల్లవాడైనా ఒక సగం ఆడకపోతే ఆ జట్టుకు ఆ ఆట పాయింట్లు లేవు. ఈ ఒక్క నియమం ఎన్నో ఉపన్యాసాల పని చేసింది. బక్కవాణ్ణి కూర్చోబెట్టే వీలు లేదు గనుక మాస్టర్లందరూ బక్కవాళ్లకు ఆట నేర్పడం మొదలుపెట్టారు.

మూడోది, కొలతలు. పెద్దల గోలు ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు ఉంటుంది. మన ఐదో తరగతి పిల్లవాడు నాలుగు నాలుగున్నర అడుగులు. వాడి భుజాల మీద తమ్ముణ్ణి నిలబెడితే గాని పైకమ్మీ అందదు. పోయినసారి అలాంటి గోలులో ఒక పసివాణ్ణి నిలబెట్టి, గోల్ పడ్డప్పుడల్లా వాణ్ణే తిట్టాం. ఈసారి రెండు వెదురు గడలు పాతాం. బంతి కూడా అంతే. పెద్దవాళ్లు ఆడే ఐదో నంబరు బంతి 410 నుండి 450 గ్రాముల బరువు, 68 నుండి 70 సెంటీమీటర్ల చుట్టుకొలత. ఈ వయసు వాళ్లకు దానికంటే చిన్నది, తేలికైనది, నాలుగో నంబరు బంతి ఉంటుంది. దుకాణంలో అడిగితే ఇస్తారు. ఇన్నేళ్లూ మేము అడగలేదు, అంతే.

నాలుగోది, వయసు. అడ్మిషన్ రిజిస్టరు నకలు, హెడ్‌మాస్టరు సంతకం, ఫొటో తప్పనిసరి చేశాం. పై నుంచి రహీం సాబ్ పద్ధతి గుర్తుకొచ్చి గోడ మీద గీత గీసి ఎత్తు కూడా కొలుద్దామనుకున్నాం. మొదటి రోజే ఒక చిక్కు వచ్చిపడింది. నిజంగా పదేళ్లే ఉన్న ఒక పొడుగు పిల్లవాడు గీత దాటాడని గోడకు ఆనుకుని ఏడ్చాడు. కాగితాన్నే నమ్మితే మోసం జరుగుతుంది, గీతనే నమ్మితే అన్యాయం జరుగుతుంది. చివరకు ఒక మార్గం దొరికింది. ఎవరు ఆడాలన్నది రిజిస్టరు చెబుతుంది. ఎవరు ఎవరికి ఎదురుగా నిలబడాలన్నది గీత చెబుతుంది. మొదటి సగంలో గీత లోపలి పిల్లలే ఎక్కువమంది, రెండో సగంలో పొడుగువాళ్లు. పొట్టివాళ్లు పొట్టివాళ్లతోనే తలపడ్డారు.

సాధన అసర్‌కీ మగ్రిబ్‌కీ మధ్య గంటన్నర సేపు పెట్టుకున్నాం. మక్తబ్ పాఠానికి వెళ్లే పిల్లలకు వారి ఉస్తాద్ గారితో ముందే మాట్లాడి వేళలు సర్దుకున్నాం. ఆయన అభ్యంతరం చెప్పలేదు సరికదా, గురువారం నాడు స్వయంగా వచ్చి గోడ మీద కూర్చుని చూశారు. వారానికి ఒక రోజు ఎడమకాలి ఆట, ఒక రోజు అందించే ఆట. అందించే ఆటలో మా బడి గడుసువాడు మొదటి రోజు అలిగి వెళ్లిపోయాడు. నాలుగో వారానికి వాడే పొట్టివాడి పేరు పిలిచి బంతి ఇవ్వడం నేర్చుకున్నాడు. మొక్కై వంగనిది మానై వంగదంటారు. బంతిని పంచుకోవడం కూడా ఆ వయసులోనే రావాలి.

ఆడపిల్లల సంగతి. ప్రతి జాబితాలో కనీసం ముగ్గురు ఆడపిల్లలుండాలని రాసుకున్నాం. ఒకరిద్దరు తండ్రులు వచ్చి కోప్పడ్డారు. ఆటో నడిపే ఒక తండ్రి, “లోకం ఏమంటుంది సార్?” అన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య, “లోకం మన పిల్ల ఫీజు కట్టడానికి రాలేదు గదా, దీనికెందుకొస్తుంది?” అన్నది. సల్వారు మీదే, తలకు రుమాలు కట్టుకునే ఆడింది ఆ అమ్మాయి. తలకప్పుకుని ఆడవచ్చునని ప్రపంచ ఫుట్‌బాల్ నియమాల్లోనే 2014 నుండి ఉన్నది. రెండో ఆదివారం ఆ తండ్రి ఆటో పక్కన పెట్టి, గీత దగ్గర నిలబడి అందరికంటే గట్టిగా కేకలు వేశాడు. రెఫరీగా ఉన్న మాకే “సార్, అది కార్నర్!” అని సలహా ఇచ్చాడు. నిజానికి అది కార్నరే.

కప్పు లేదు, శాలువాలు లేవు. 2023 నాటి కప్పు మాత్రం తెచ్చి అందులో చీటీలు వేసి, ఏ బడి ఏ వర్గంలో ఉండాలో డ్రా తీశాం. ఆ కప్పుకు దక్కిన న్యాయమైన పని అదేనని మా అభిప్రాయం.

ఇక ఖర్చు. ఇది సంఘం సభ గనుక పైసలతో సహా చెప్పాలి. నాలుగు బంతులకు 2,600 రూపాయలు. రెండు రంగుల బిబ్‌లు ఇరవైకి 1,600. సున్నానికి, తాడుకు 400. రెండు రోజులు నీళ్లు, అరటిపండ్లు, ఉడికిన గుడ్లు 3,200. ఆటోలకు 4,000. మందుల డబ్బాకు 500. మొత్తం 12,300 రూపాయలు. ఎనభై మంది పిల్లలకు పంచితే ఒక్కొక్కరికి సుమారు 154 రూపాయలు. అంతకుముందు సంవత్సరం ఫ్లెక్సీలు, కప్పు, శాలువాలు, అతిథుల టిఫిన్లకే దీనికంటే ఎక్కువైంది. ఈ 12,300 ఎనిమిది బడుల ఉపాధ్యాయులం జేబుల్లోంచి వేసుకున్నాం. వేసుకోగలిగాం గాని, ప్రతి సంవత్సరం అదే జేబుల మీద నడిచే పని ఏదో ఒక సంవత్సరం ఆగిపోతుంది.

అందుకే సంఘం ముందు మూడు విన్నపాలు ఉంచుతున్నాం.

మొదటిది, ఈ ఖర్చును సంఘం తన వార్షిక బడ్జెట్‌లో ఒక పద్దుగా రాసుకోవాలి. హైదరాబాదు జిల్లా అంటే పల్లె లేని జిల్లా, అంతా నగరమే. గల్లీకొక బడి ఉంది, మైదానం ఉన్న బడి మాత్రం అరుదు. ఎనిమిది బడుల పని పదహారు బడులకు పాకితే ఆటో ఛార్జీలే పెద్ద ఖర్చు. అది రహీం సాబ్ ఇచ్చిన సైకిలు అద్దె లాంటిదే అనుకోండి.

రెండోది, మైదానం. మన ప్రాంతంలో ఉన్న ఒకటి రెండు మైదానాలు శుభకార్యాలకు, సభలకు, కార్లు నిలపడానికి అద్దెకు పోతున్నాయి. సంబంధిత అధికారులను కలిసి, డిసెంబరు, జనవరి నెలల్లో ఆదివారం పొద్దుటి పూట చిన్న పిల్లల కోసం ఉంచమని సంఘం తరఫున అర్జీ ఇవ్వాలి. బడిపంతులు ఒక్కడే వెళితే రేపు రమ్మంటారు. సంఘం వెళితే కుర్చీ వేస్తారు.

మూడోది తల్లిదండ్రులకు. పోటీ నాడు రండి. వచ్చి గీత బయట నిలబడండి. సాయంత్రం పిల్లవాడు ఇంటికి వచ్చినప్పుడు “గెలిచారా?” అని అడిగే ముందు “ఆడావా?” అని అడగండి. ఆ ప్రశ్న మీరు అడుగుతారని తెలిస్తే మా మాస్టర్లలో ఎవ్వరికీ ఇంకొకరి పేరు రాసే ధైర్యం రాదు. మాతో సహా.

ఆ పిల్లవాడి సంగతి చెప్పి ముగిస్తాం. మేము దిద్దుకునేలోగా వాడు ఐదో తరగతి పూర్తి చేసి హైస్కూలుకు వెళ్లిపోయాడు. 2024 పోటీల్లో ఆడే అర్హత వాడికి లేదు. ఆ నియమం రాసింది కూడా మేమే. ఐదో తరగతి ఎవరికైనా ఒక్కసారే వస్తుంది. వాడి ఐదో తరగతిని వాడికి తిరిగి ఇచ్చే శక్తి మాకు లేదు. వాడి దాదీ ఇంటికి వెళ్లి, ఆ కాగితం తప్పు, తప్పు పిల్లవాడిది కాదు మాది అని చెప్పి వచ్చాం. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ మిఠాయి మీరెట్లా తిన్నారు మాస్టర్ సాబ్?” అని మాత్రం అడిగింది. మా దగ్గర జవాబు లేకపోయింది.

2024 డిసెంబరు మొదటి ఆదివారం తెల్లవారుజామున మేము సున్నం బకెట్టు పట్టుకుని మైదానానికి వెళ్లేసరికి ఆ పిల్లవాడు అక్కడ ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. తాడు ఒక కొస వాడు పట్టుకున్నాడు, ఒక కొస మేము పట్టుకున్నాం. రెండు మైదానాలకూ గీతలు వేశాం. ఆ రెండు ఆదివారాలూ ప్రతి జట్టు జాబితా చేత్తో పట్టుకుని, ప్రతి సగంలో దిగిన పిల్లల పేర్ల పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టింది వాడే. రెండో రోజు చివర్లో కాగితాలన్నీ మాకిచ్చి, “ఎనభై మందీ దిగారు సార్, లెక్క సరిపోయింది” అన్నాడు.

వాడు తిరిగి ఇచ్చిన సర్టిఫికెట్ మా టేబుల్ సొరుగులో ఉంది. పక్కనే ఆ టిక్కుల కాగితాలు ఉన్నాయి. రాబోయే డిసెంబరులో కూడా అలాంటి కాగితాలు తయారవ్వాలి. అందుకు సంఘం పూనుకుంటుందనే నమ్మకంతో సెలవు తీసుకుంటున్నాం.